సొరపందిరికి పట్టిన తెగులు

అది 2023. ఎండలు ముదురుతున్న రోజులు. పుదుచ్చేరిలో రెడ్డియార్‌పాళయం బస్సుల రొద, స్కూటర్ల హారన్లు దాటి పడమరగా కాస్త దూరం పోతే మా తోట వస్తుంది. అప్పటికి నేను అక్కడ మేనేజరుగా చేరి మూడో ఏడు. మేనేజరంటే ఏసీ గది, తిరిగే కుర్చీ అనుకునేరు. మా ఆఫీసు ఒక రేకుల షెడ్డు, నా కుర్చీ బోర్లించిన పెయింటు డబ్బా.

మాది కూరగాయలు పండించి అంగడికి పంపే తోట కాదు. మా పద్ధతిని మెంబర్ హార్వెస్ట్ అంటారు. సభ్యులు సీజను మొదట్లోనే చందా కడతారు. మేము రసాయనాలు లేకుండా పండిస్తాం. కోసుకునే పని మాత్రం వాళ్ళదే. సంచి తెచ్చుకుని, గేటు తీసుకుని, మడుల మధ్య నడిచి, ఆ పూటకు కావలసింది చేత్తో తెంపుకుని పోతారు. ప్రతి మడి ముందూ ఒక చిన్న జెండా ఉంటుంది. పచ్చ జెండా అయితే కావలసినంత కోసుకోవచ్చు, పసుపు అయితే వారానికి ఇంటికొకటి, ఎర్ర జెండా అయితే చెయ్యి పెట్టకూడదు. బోర్డులు రాయకుండా జెండాలెందుకంటే, మా సభ్యుల్లో సగం ఇళ్ళల్లో తెలుగు మాట్లాడతారు గానీ తెలుగు అక్షరాలు చదవలేరు. మిగిలినవాళ్ళలో కొందరికి తమిళం, కొందరికి ఇంగ్లీషు. రంగులైతే అందరికీ వచ్చు. నేను కూడా తిరుపతిలో వ్యవసాయం డిగ్రీ చదవడానికి పోయినప్పుడే తెలుగు అక్షరాలు దిద్దుకున్నాను, అందుకే ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నాను.

ఈ ఉద్యోగంలో ఉన్న సంతోషం ఇంకే ఉద్యోగంలోనూ లేదని ఒట్టేసి చెప్పగలను. బెండకాయ కిందికి వేలాడదు, ఆకాశం వైపు నిలబడి కాస్తుందని చూసి ఒక పెద్ద బ్యాంకు ఆఫీసరు నా కళ్ళముందే చప్పట్లు కొట్టాడు. లేత దోసకాయను తీగ మీద నుంచి తెంపి, పావడాకు తుడుచుకుని, అక్కడే నిలబడి కరకరా నమిలే పిల్లలను రోజూ చూస్తాను. కడగకుండా తినవచ్చని ధైర్యంగా చెప్పగల తోట నాది. ఆ ధైర్యానికే ఆ ఏడు ముప్పు వచ్చింది.

ముప్పు సొరపందిరి మీద మొదలైంది. పందిరి అంటే మా తోటకు నగలాంటిది. గేటు తీయగానే కనిపించేది అదే. నేల కాస్త వాలుగా ఉంటుంది కాబట్టి పందిరి ఒక పక్క చేతికందేంత ఎత్తు, రెండో పక్క నిచ్చెన వేస్తే గానీ అందనంత ఎత్తు. ఆ సీజనులో కాపు చూసి నేను ఉబ్బితబ్బిబ్బయ్యాను. పందిరంతా తెల్లటి పువ్వులు, పిందెలు. పసుపు జెండా పాతి, ఇంటికొక కాయ అని చెప్పాం. అప్పుడు కాయల మీద మచ్చలు మొదలయ్యాయి. ముందు చిన్న గోధుమరంగు గాటు, తర్వాత దాని చుట్టూ మెత్తబడటం, ఆ తర్వాత కాయంతా కుళ్ళి తీగకు వేలాడటం. కోసి చూస్తే లోపల తెల్లని పురుగులు. సొర, బీర, కాకర జాతికి ఇది కొత్త కాదు. ఫ్రూట్ ఫ్లై అనే ఈగ కాయకు సూదిలా పొడిచి లోపల గుడ్లు పెడుతుంది. నేను కూడా ఆ ఈగే అనుకున్నాను.

సభ్యుల వాట్సాప్ గ్రూపులో ఫొటోలు మొదలయ్యాయి. కుళ్ళిన సొరకాయల ఫొటోలు పొద్దున్నే చూడాలంటే కాఫీ దిగేది కాదు. ఒకరోజు ఆర్. ప్రభాకర్ అన్న నేరుగా షెడ్డుకే వచ్చారు. కరెంటాఫీసులో పనిచేసి రిటైరైన మనిషి, మా ఒర్లియంపేటలోనే ఇల్లు. మా తాతా వాళ్ళ నాన్నా ఒకే మిల్లులో పనిచేశారు. కోపిష్టి కాదు, మాట మాత్రం తిన్నగా ఉంటుంది.

"సుమతమ్మా, నేను నీకు పగవాణ్ణి కాదు," అన్నారు. "వారానికొక సొరకాయ అంటిరి. ఆ ఒక్కటీ కుళ్ళింది ఎత్తుకోని పోతే ఇంట్లో నా మొగం యాడ పెట్టుకునేది? ఒక్కసారి మందు కొట్టేస్తే సరిపోతాది గదా."

"మందు కొడితే గేటు మూసేయాలన్నా."

"మూసేయండి. మీరే కోసి ఇండ్లకు పంపండి. మనకు కాయ ముఖ్యమా, కోసే చెయ్యి ముఖ్యమా?"

ఆయన అడిగిందాంట్లో తప్పు లేదు. కానీ గేటు సంగతి నేను ఊరికే అనలేదు. మందు కొట్టిన తోటలో వెయిటింగ్ పీరియడ్ అని ఒకటుంటుంది, అంటే కొట్టినాక ఇన్ని రోజుల దాకా కాయ కోయకూడదని లెక్క. రైతు తన పొలంలో తను ఆగగలడు. మా తోటకు పొద్దునొకరు, సాయంత్రమొకరు వస్తారు, పిల్లలు పరిగెత్తుకుంటూ వస్తారు. ఒక్క పిల్ల ఎవరూ చూడనప్పుడు ఒక్క దోసకాయ కొరికితే చాలు. అందుకని మందు కొట్టామంటే గేటుకు తాళం వేయాల్సిందే. ఆ రోజు నుంచి మేము కూరగాయలు అట్టపెట్టెల్లో పెట్టి పంపే ఇంకో కంపెనీ అవుతాం. అలాంటి కంపెనీలు ఊళ్ళో చాలా ఉన్నాయి, వాటికి నేనక్కర్లేదు.

"ఇంగొకటి," అన్నారు ప్రభాకరన్న పోతూ పోతూ. "కురుచికుప్పం నించి చేప పేగులు తెచ్చి బెల్లంలో ఊరబెట్టి పోస్తా ఉండావు. ఆ వాసనకు ఈగలు రాక ఏమొస్తాయి?"

ఆయన అన్నది ఫిష్ అమైనో గురించి. చేపల వ్యర్థాన్ని బెల్లంతో పులియబెట్టి, నీళ్ళలో బాగా పలచన చేసి మొక్కల మొదట్లో పోస్తాం, మంచి బలం. వారానికోసారి స్కూటరు మీద కురుచికుప్పం పోయి, పడవలు ఒడ్డుకొచ్చే వేళకు బకెట్టు నింపుకుని వస్తాను. దారంతా పిల్లులు నన్ను ఆశగా చూస్తాయి. కానీ ఆ ద్రావణానికీ పందిరి మీది కాయలకూ సంబంధం లేదని చెబితే గ్రూపులో ఎవరూ నమ్మలేదు. చివరికి ఆదివారం అందరూ కూర్చుని, మందు కొట్టాలా వద్దా అని చేతులెత్తి తేల్చుకుందామని నిర్ణయమైంది.

నా పక్షాన గట్టిగా నిలబడింది ఒక్కరే, ఎల్. ధనలక్ష్మి. మేమంతా ధనమత్త అంటాం. బజారులో వాళ్ళది పప్పుల హోల్‌సేలు కొట్టు. కందిపప్పు రెండు గింజలు పంటికింద వేసుకుని అది ఏ ఊరి సరుకో చెప్పేది. వాళ్ళ చుట్టాల్లో పెళ్ళి కుదిరితే కూరగాయలు ఎంచడానికి ఆమెకు కబురొచ్చేది, ధనమత్త ఎంచిన వంకాయలో పుచ్చు ఉండదని పేరు. మా సభ్యుల్లో సగంమంది ఆమె వెంట వచ్చినవాళ్ళే, వదినలు, మరదళ్ళు, పక్కింటివాళ్ళు. శుద్ధ శాకాహారి. మొదటి రోజే నా ఫిష్ అమైనో డ్రమ్ము చూసి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "ఆ కడవ నా కంట పడనీబాకమ్మే," అంది. మళ్ళీ తనే సర్దుకుని, "పోనీలే, మొక్క ఏం తింటే నాకేంది, నేను తినేది కాయ గదా," అని నవ్వేసింది. మందు మాట ఎత్తితే మాత్రం మండిపడేది. "మందు కొట్టిన కాయ కావాలంటే మాకు మార్కెట్టు లేదా? ఇంత దూరం ఎందుకు రావాల?" అని ప్రభాకరన్నతో పోట్లాడింది.

ఆదివారం లోపల నేను ఏదో ఒకటి తేల్చాలి. ముందు ఫెరొమోన్ ట్రాపులు కట్టాను. అంటే మగ ఈగలను మురిపించే వాసన బిళ్ళ పెట్టిన ప్లాస్టిక్ డబ్బాలు. వాసనకు లోపలికి వస్తాయి, బయటికి పోలేవు. తోటలో ఈగ విరగబడి ఉంటే డబ్బా నల్లగా నిండాలి. తీసి చూస్తే అడుగు కూడా కప్పనన్ని పడ్డాయి. ఈ కాసిని ఈగలు ఇన్ని కాయలను ఎలా పాడుచేశాయి? నాకు అక్కడే అనుమానం మొదలైంది.

మర్నాడు పందిరి ఎత్తుగా ఉన్న పక్క తీగ జారిపోతుంటే కట్టడానికి నిచ్చెన వేసుకుని ఎక్కాను. కడుతూ కడుతూ చుట్టూ చూశాను. నా మొహం చుట్టూ సొరకాయలు, నిగనిగలాడుతున్నాయి. ఒక్కదానికీ మచ్చ లేదు. నిచ్చెన మీదే తిరిగి రెండో పక్కకు చూశాను. కిందికి, చేతికందే చోట వేలాడుతున్నవన్నీ గాట్లతో ఉన్నాయి. నిచ్చెన దిగి, దాన్ని జరిపి, మళ్ళీ ఎక్కి ఇంకో చోట చూశాను. అక్కడా అంతే. చెయ్యి అందేవన్నీ చెడ్డాయి, అందనివన్నీ బాగున్నాయి. ఎగిరే ఈగకు నిచ్చెనతో ఏం పని?

ఒక గాటు కాయను కోసి షెడ్డులోకి తెచ్చి భూతద్దం కింద పెట్టాను. ఈగ పొడిస్తే సూదిమొనంత చుక్క, దాని మీద జిగురు బొట్టు ఉంటుంది. ఇక్కడున్నది సన్నటి వంకర గాటు, విదియనాటి నెలవంకలాగా. ఒక్కో కాయకు అలాంటివి నాలుగైదు. గాటు పడ్డ చోట తర్వాత ఈగ వచ్చి గుడ్లు పెట్టింది, పుండు మీద వాలే ఈగే అది. అయితే మొదటి గాటు పెట్టింది ఎవరు? ఉడత అయితే రెండు పళ్ళ గీతలు పక్కపక్కనే ఉండాలి. ఎలుక అయితే కొరికి గుంట చేస్తుంది. నత్త గీకుతుంది, చిలక చీలుస్తుంది. నాకు తెలిసిన జంతువులన్నిటినీ వరసగా నిలబెట్టి విచారించాను. ఒక్కటీ ఒప్పుకోలేదు.

జవాబు మా వీధిలోనే దొరికింది. శనివారం పొద్దున ఒర్లియంపేటలో మా ఇంటి ముందుకు కూరగాయల బండి వచ్చింది. మా అమ్మ గడప దిగి, బండి మీది సొరకాయ ఒకటి చేతిలోకి తీసుకుని, మెడ దగ్గర బొటనవేలి గోరు కసుక్కున గుచ్చింది. బండాయన తమిళంలో గట్టిగా కేకేశాడు, గోరు గుచ్చిన కాయ ఇంక ఎవరు కొంటారమ్మా అని.

"గుచ్చకుండా లేతదో ముదురుదో ఎట్లా తెలిసేది? నీ మొగం చూసి కొనాల్నా?" అంది మా అమ్మ, ఇంకో కాయ అందుకుంటూ.

నేను పళ్ళు తోముకుంటూ గుమ్మంలో నిలబడి ఉన్నాను. బ్రష్షు నోట్లోనే ఉండిపోయింది. ఒక్క ఉరుకున పోయి ఆ కాయ లాక్కుని చూశాను. సన్నటి వంకర గాటు. నెలవంక! చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, ఇన్నాళ్ళూ ఉడతలనూ చిలకలనూ అనుమానిస్తూ తిరిగాను. నడివీధిలో మా అమ్మను వాటేసుకున్నాను.

"ఏంది, పొద్దున్నే పిచ్చి పట్టిందా? నోరు కడుక్కో ముందు," అంది అమ్మ.

ఆ కాయను మేమే కొనుక్కుని, నేను స్కూటరెక్కి తోటకు పరిగెత్తాను. శనివారం మా సభ్యులు ఎక్కువగా వచ్చే రోజు. టమాటా మడిలో ఎండు గడ్డి పరుస్తున్నట్టు కూర్చుని పందిరినే గమనించాను. ముందుగా వచ్చింది ధనమత్త, వెంట నలుగురు ఆడవాళ్ళు. అత్త ఒక కాయ నిమిరింది, బొటనవేలు కదిలింది, తల అడ్డంగా ఊపింది. ఇంకో కాయ నిమిరింది, మళ్ళీ బొటనవేలు. అలా వరసగా చూసుకుంటూ పోయి చివరికి ఒకటి కోసుకుంది. వెనక వచ్చిన ఒక్కొక్కరూ అదే వరసలో, అదే పని. ఆ తర్వాత సంచి ఊపుకుంటూ వచ్చిన ప్రభాకరన్న కూడా! దూరం నుంచి చూసేవాళ్ళకు అందరూ కాయలను ముద్దు చేస్తున్నట్టే ఉంటుంది. అందుకే ఇన్నాళ్ళూ నా కంట పడలేదు. మా పసుపు జెండా కూడా దీనికి తోడైంది. వారానికి ఒక్కటే కాయ అన్నాం కాబట్టి, ఆ ఒక్కటీ మేలైనది కావాలని ప్రతివాళ్ళూ పందిరంతా పరీక్ష పెడుతున్నారు. ఒక కాయ కోసి, పది కాయలకు గాటు పెట్టి పోతున్నారు.

అసలు దొంగ దొరికినందుకు ఎగిరి గంతేయాలనిపించింది. ఆ వెంటనే ఇంకో దిగులు పట్టుకుంది. ఇది ఎవరికి చెప్పాలి, ఎలా చెప్పాలి? అందరి ముందూ చెబితే ధనమత్త తల దించుకోవాలి. కూరగాయ ఎంచడంలో ఆమెను మించినవాళ్ళు లేరని పేరున్న మనిషిని, నీ చేతివల్లే తోట చెడిందని ఎలా అనడం? ఆమె అలిగి పోతే వెంట సగం తోట పోతుంది. చెప్పకపోతే రేపు చేతులెత్తి మందు కొట్టిస్తారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ముందుగా ఒంటరిగా చెబుదామని ఆ మధ్యాహ్నం వాళ్ళ కొట్టుకు పోయాను. అత్త నన్ను గల్లా పక్కన కూర్చోబెట్టి, ఫిల్టరు కాఫీ తెప్పించి, నోరు తెరవనివ్వలేదు.

"నువ్వేం దిగులు పడబాక సుమతీ. నేనుండాను గదా. రేపు మావాళ్ళందరినీ పిల్చుకోని వస్తా. ప్రభాకరు ఎట్లా మందు కొట్టిస్తాడో నేనూ చూస్తా," అంది. "పొద్దున నేను కోసుకున్న సొరకాయ చూడాల్సింది నువ్వు, వెన్నే! ఎంచేదాంట్లో ఉంటాదమ్మా అంతా."

"అత్తా, ఎంచేదాని గురించే ఒక మాట..."

"నేర్పిస్తాలే, అందరికీ నేర్పిస్తా," అంది. నేను కాఫీ తాగి వచ్చేశాను.

ఆదివారం పొద్దున షెడ్డు నిండిపోయింది. కూర్చోను చోటు చాలక మడుల గట్ల మీద కూడా నిలబడ్డారు. ప్రభాకరన్న లేచి నాతో అన్న మాటలే మర్యాదగా అందరికీ చెప్పారు. వినేవాళ్ళు తలలూపుతున్నారు. చేతులెత్తమంటే ఆయనకే ఎక్కువ లేస్తాయని నాకు అర్థమైపోయింది. ఇక లాభం లేదని కుళ్ళిన కాయ ఒకటి, మచ్చలేని కాయ ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టాను.

"ఈ బాగుండే కాయ నిచ్చెనేసి కోసింది. ఈ కుళ్ళింది చేతికందే చోటిది. పందిరంతా ఇట్లానే ఉండాది, పోయి చూడండి," అన్నాను. "ఈగ కుడితే సూది పొడిచినంత చుక్క ఉంటాది. ఈ గాటు చూడండి, నెలవంక మాదిరి. ఈ ఈగకు గోళ్ళుండాయి."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఒక్కొక్కరి బొటనవేలు మెల్లగా పిడికిట్లోకి, కొంగుల్లోకి, సంచుల కిందికి పోయింది. ఇంకెప్పుడైనా అయితే పడీపడీ నవ్వేదాన్ని. అప్పుడు మాత్రం నా కళ్ళు ధనమత్త మీదే ఉన్నాయి. ఆమె లేచి నిలబడింది. మొహం ఎర్రబడింది.

"ఏమ్మే సుమతీ, మేమే కాయలు చెడగొడతా ఉండామంటావా?"

"చెడగొట్టాలని ఎవురూ చెయ్యలేదత్తా. లేతదో కాదో చూసేదానికి..."

"నేను గోరు గుచ్చేదాన్నా? మార్కెట్టులో అయితే గుచ్చుతాను, కాదనను. ఆడ దుడ్డిచ్చి కొంటా ఉండాము, వాడు ముదురుకాయ అంటగట్టేస్తాడు. ఈడ నేనెందుకు గుచ్చుతా? ఇది మన తోట! ఈడ నేను ఊరికే తడిమి చూస్తానంతే. అందురూ రండి, చూపిస్తా."

విసవిసా పందిరి వైపు నడిచింది. వెనకే అందరూ కదిలారు. అయిపోయింది, ఈమె ఇటునుంచి ఇటే గేటు దాటి పోతుంది, తోట చేజారిపోయింది అనుకుంటూ నేనూ నడిచాను. ధనమత్త చేతికందే ఒక కాయ దగ్గర ఆగింది. ఎడమచేత్తో అడుగున పట్టుకుంది, కుడిచేత్తో పైనుంచి కిందికి నిమిరింది. మా అందరి వైపు తిరిగింది.

"చూసినారా? ఇట్లా. తడిమేదే. గోరు యాడుంది ఈడ?" అని అడుగుతోంది. అడుగుతుండగానే ఆమె బొటనవేలు కాయ మెడ దగ్గరకు పోయి, తన పని తాను కసుక్కున చేసేసింది.

ఆమె మమ్మల్ని చూస్తోంది. మేమంతా ఆమె వేలినే చూస్తున్నాం. మా చూపులు ఎక్కడున్నాయో గమనించి ఆమె తల దించింది. గోరు ఇంకా కాయలోనే ఉంది, గాటులోంచి నీరు ఊరి వేలి మీదికి జారుతోంది. అత్త వేలు వెనక్కి తీసుకుంది. ఆ గాటు చూసింది, తన గోరు చూసుకుంది, మళ్ళీ గాటు చూసింది.

"అయ్యయ్యో," అంది. "ఇది నా చెయ్యేనా?"

నాకైతే ఏడుపొచ్చింది. ప్రభాకరన్న గొంతు సవరించుకుని ముందుకొచ్చారు. "పోనీ అక్కా, ఆడవాళ్ళకు వంటింటి అలవాటు. నేనైతే ఎప్పుడూ..." అంటూ పక్కనున్న కాయ పట్టుకున్నారు. ఆయన బొటనవేలు కూడా లేచింది! కాయకు వెంట్రుకవాసి దూరంలో ఆపుకుని, ఆ వేలినే చూస్తూ నిలబడిపోయారు. మొదట నవ్వింది ధనమత్తే. ఆ తర్వాత పందిరి ఎగిరిపోయేంత నవ్వులు. ఒక్కొక్కరూ వచ్చి పాత గాట్ల పక్కన తమ బొటనవేలు ఆనించి, ఇది నాదే, కాదు ఇది నాది అని గొడవకు దిగారు. చందా కట్టిన సభ్యులు తమ నేరాన్ని అంత ఉత్సాహంగా ఒప్పుకోవడం నేను మళ్ళీ చూడలేదు.

"మందు సంగతి ఇంక ఎత్తొద్దు," అన్నారు ప్రభాకరన్న. "ముందు అందురం గోళ్ళు కత్తిరించుకుందాము."

"కత్తిరించుకుంటే చాలదు," అంది ధనమత్త. నవ్వు ఆపి నా వైపు తిరిగింది. "గోరు లేకుండా లేతదని తెలిసేది ఎట్లా? అది చెప్పు. అది తెలీకపోతే రేపు మళ్ళా ఇదే చెయ్యి ఇదే పని చేస్తాది."

ఆ ప్రశ్నకు నేను ఆమెకు మనసులో దండం పెట్టుకున్నాను. లేత సొరకాయ ఒంటి మీద కంటికి సరిగా కనిపించని సన్నటి నూగు ఉంటుంది. ముదిరేకొద్దీ ఆ నూగు రాలిపోయి తోలు నున్నగా, గట్టిగా అవుతుంది. వేలి వెనక భాగంతో మెల్లగా నిమిరితే చాలు, తెలిసిపోతుంది. చేసి చూపించాను. ధనమత్త కళ్ళు మూసుకుంది. వేలి వెనక భాగాన్ని ఒక కాయ మీద నడిపింది, ఇంకో కాయ మీద, ఇంకో కాయ మీద.

"లేత," అంది. "ఇదీ లేతే. ఇది... ముదురు. అబ్బా, ఇంత తేలికా!" కళ్ళు తెరిచేసరికి ఆమె మొహం వెలిగిపోతోంది. "రండి, రండి, వరసగా రండి. ఒసే మరదలా, గోరు ముడుచుకో. వేలి వెనక, వేలి వెనక!"

ఆ పొద్దున పందిరి కింద వరస కట్టి, కళ్ళు మూసుకుని సొరకాయలు నిమురుతున్న మా సభ్యులను చూసి రోడ్డున పోయేవాళ్ళు ఇదేదో కొత్త పూజ అనుకుని ఉంటారు. చేతులెత్తే కార్యక్రమం ఎవరికీ గుర్తు కూడా రాలేదు. గాట్లున్న కాయలన్నీ కోసి లోతుగా పాతిపెట్టాం. ఆ తర్వాత కాసిన కాయలు చేతికందే పక్క కూడా మచ్చలేకుండా దిగాయి. ఒక్క చుక్క మందు కొట్టలేదు. అప్పుడప్పుడూ ఒక ఈగ కుడుతూనే ఉంది, అది దాని హక్కు. ప్రభాకరన్న మొదటి మంచి కాయను సంచిలో వేసుకోకుండా చేతుల్లోనే పట్టుకుని బస్టాపు దాకా నడిచిపోయారు.

ఆ కేసు నా పని తీరును మార్చింది. ఏ మడిలో ఏ జబ్బు కనిపించినా, ఆకు తిప్పి పురుగును వెతికే ముందు కాసేపు పక్కన కూర్చుని అక్కడికి మనుషులు ఎలా వస్తున్నారో, చేతులతో ఏం చేస్తున్నారో చూస్తాను. మా దగ్గరికి వచ్చేవాళ్ళందరూ పుట్టినప్పటి నుంచి కొనుక్కుని తిన్నవాళ్ళు. చందా కట్టిన రోజే తోటవాళ్ళు అయిపోతారని నేననుకున్నాను. కానీ మనిషి తోటలోకి వచ్చినా చెయ్యి ఇంకా మార్కెట్టులోనే ఉండిపోతుంది. దాన్ని కూడా పిలుచుకురావాలి, అందుకు కాస్త సమయం పడుతుంది, తిట్టకూడదు.

ఇప్పుడు కొత్త సభ్యులు వస్తే మొదట పందిరి కిందికి తీసుకుపోయేది నేను కాదు, ధనమత్త. తనే అడిగి ఆ పని తీసుకుంది. కొత్తవాళ్ళ చెయ్యి పట్టుకుని, వేలి వెనక భాగాన్ని కాయ మీద నడిపిస్తూ ప్రతిసారీ ఒకే మాట చెబుతుంది.

"ఇన్నేండ్లు మంచి కాయ ఎంచేది నాకొచ్చు అనుకున్నానమ్మా. నేను గుచ్చి వదిలేసిన కాయలు ఎవురింటికి పోయినాయో ఒక్క దినం గూడా తలుచుకోలేదు. ఈడికొచ్చినాకే తెలిసింది, అవి ఎవురింటికీ పోలేదు."

కొత్తవాళ్ళు గోరు ముడుచుకుని తర్వాతి కాయను నిమురుతారు. నేను గేటు తీసి పెడతాను, అంతే.